ఇల్లు మనది, కింద నేల ఎవరిది?

(అంబాజీపేటలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చుపాఠం)



మనం తలుచుకోవడానికి చేరిన పెద్దాయన దస్తావేజు లేఖరి. సభలో తన పేరు పలికితే కుర్చీలో ఇబ్బందిగా కదిలే మనిషి. అందుకని పేరు పక్కనపెట్టి ఆయన పని గురించి రెండు మాటలు చెప్పి విషయంలోకి వెళతాను. ఆయన రాసిన కాగితాలు రెండు రకాలు. ఒకటి క్రయదస్తావేజు. తూర్పు ఫలానావారి కొబ్బరితోట, దక్షిణం పుంత, పడమర పంటబోదె, ఉత్తరం ఫలానావారి దొడ్డిగోడ అని నాలుగు హద్దులూ కుదిరితే తప్ప కలం కదిలేది కాదు. ఆ హద్దుల మధ్య ఉన్న నీరు, చెట్టు, రాయి, మట్టికింద దొరికే నిధి నిక్షేపాలతో సహా కొన్నవాడివేనని పాత పద్ధతిలో రాసేవారు. రెండోది చిన్న కాగితం. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కనిది. పాక అమ్మకం. వాసాలు, దూలాలు, తలుపు, తాటాకు, మహా అయితే వెనకాల ఒక మునగచెట్టు. దానిలో హద్దులుండవు. నేల గురించి ఒక్క ముక్క ఉండదు. నేల అమ్మేవాడిది కాదు, కొన్నాక కూడా కొన్నవాడిది కాదు.

ఈ రెండో కాగితం చరిత్ర చెబుదామని వచ్చాను. పెద్ద భూముల చరిత్ర మనకు చాలామంది చెప్పారు. ఈనాములు, జమీందారీలు, కౌళ్లు, సీలింగు... గ్రంథాలున్నాయి. పాక కింద ఉన్న రెండు సెంట్ల చరిత్ర ఎవరికీ పెద్దగా పట్టలేదు. దాన్ని చెప్పాలంటే కొంతసేపు కోనసీమలో, కొంతసేపు పాత మద్రాసు రాజధానిలో, కొంచెం ఎక్కువసేపు అమెరికాలో తిరగాలి. ఓపిక పట్టండి.

కోనసీమ అంటే బయటివాళ్ల కళ్లకు కొబ్బరిచెట్ల మధ్య పెంకుటిల్లు కనబడుతుంది. ఆ తోటలోనే ఓ మూల కాపలా కుటుంబం పాక కూడా ఉంటుంది. దానికి అద్దె ఉండదు. అద్దెకు బదులు రాత్రిపూట కాయపడ్డ చప్పుడు వినిపిస్తే లేవాలి. దింపు రోజున ఇంటిల్లిపాదీ కాయలు పోగెయ్యాలి, మట్టలు ఏరాలి. తోట చేతులు మారితే కాపలా కూడా మారుతుంది. కొత్త ఆసామికి తన మనిషి ఉంటాడు కదా. ఇరవై ఏళ్లు కాపురమున్న ఇల్లాలు అప్పుడు మట్టిగోడలు అక్కడే వదిలేసి కర్రలు మట్టుకు బండిమీద వేయిస్తుంది.

కాలవగట్ల మీద ఉన్నవాళ్లది ఇంకో కథ. వాళ్ల ఆసామి ఇరిగేషన్ శాఖ. ఏటిగట్టు బలపరచాలన్నా, రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, కాలవ పూడిక తియ్యాలన్నా ముందు పడేది వాళ్ల చూరే. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి గోదావరి నీళ్లు కాలవల్లోకి వచ్చి పల్లపు చేలన్నిటికీ ధర కట్టాయి. ధర లేని చోటు గట్టు ఒక్కటే మిగిలింది కాబట్టి నేల లేనివాళ్లు గట్టెక్కారు.

మన మండలంలోని పుల్లేటికుర్రు, అమలాపురం పక్కన బండారులంక వైపు వెళ్లి నేతపనివారిని అడగండి. గుంటమగ్గం వెయ్యాలంటే ఇంటి నేలలో గొయ్యి తవ్వాలి, కాళ్లు ఆ గోతిలో పెట్టుకుని కూర్చుని తొక్కాలి. అద్దె ఇంటి ఆసామి గది ఇస్తాడు గానీ గొయ్యి తవ్వుకోనివ్వడు. తవ్వుకోనిచ్చినా ఖాళీ చేసేటప్పుడు పూడ్చి ఇమ్మంటాడు. నేల సొంతం కాకపోతే ఇల్లే కాదు, పనిముట్టు కూడా నిలవదని నాకు మొదట అర్థమైంది అక్కడే. వానాకాలం ఊట ఎక్కి గోతిలోకి నీళ్లొస్తే మెరక చేసుకునే హక్కూ లేదు.

ఇక లంకలు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక, అరిగెలవారిపేట, ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక వాళ్లకు వరద రోజుల్లో పడవే దారి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఏరు ఒక పక్క కోస్తుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. కోతలో పోయిన ఇంటివాడికి కొత్త మేటమీద హక్కు రాదు. మేట సర్కారుది, లేదా ఎదుటి గట్టు ఆసామి నాదంటాడు. అందుకే లంకలో పేదవాడు ఇంటిని విప్పడానికి వీలుగా కట్టుకునేవాడు. బంధాలు కోసి, తాటాకు దింపి, వాసాలు పడవలో వేసుకుంటే ఇల్లు కదిలినట్టే. 1996 నవంబరు 6 రాత్రి తుపాను అలాంటి ఇళ్లను విప్పే పని కూడా లేకుండా ఎత్తుకుపోయింది.

నేలగలవాడు చెడ్డవాడు కానక్కరలేదు. ఎక్కువమంది కారు కూడా. పండక్కి బట్టలు పెడతాడు, పురిటికి డబ్బు సర్దుతాడు. కానీ కూలి రేటు మీద మాట వచ్చిన రోజున, పంచాయతీ ఓటు వచ్చిన రోజున, కొడుకు చదువుకుని ఎదురు సమాధానం చెప్పిన రోజున, రెండు పక్షాలకూ ఒకే సంగతి గుర్తొస్తుంది: పాక ఎవరి నేలమీద ఉందో. ఆ సంగతి పైకి అనాల్సిన పని లేదు. అనకపోవడమే దాని బలం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ తన జిల్లాలో దళితుల స్థితి మీద నివేదిక రాశాడు. వాళ్ల పల్లె ఉన్న నేల కూడా మిరాసుదారులైన ఆసాములదేననీ, ఎదురు తిరిగితే ఇంట్లోంచి వెళ్లగొట్టగలరు గనుకే పొలంలో కట్టుబానిసల్లా ఉన్నారనీ అందులో వాదించాడు. ఇళ్ల స్థలం ఇవ్వడమంటే ధర్మం చెయ్యడం కాదు, పాలేరు చేతికి బేరమాడే శక్తి ఇవ్వడమని ఆ కాలపు మిషనరీలూ గట్టిగానే అన్నారు. అందుకే ఆసాములు గట్టిగా అడ్డుపడ్డారు. బావి తవ్వించండి, బడి పెట్టించండి, పల్లె నేల జోలికి మాత్రం రావద్దన్నారు. వాళ్లకు లెక్క బాగా తెలుసు.

పాతికేళ్లకు పైగా ఫైళ్లు తిరిగాక మద్రాసు ప్రభుత్వం కదిలింది. 1920లో లేబర్ కమిషనరు పదవి ఏర్పడింది. తంజావూరు ప్రాంతంలో మొదలుపెట్టి ఇళ్ల స్థలాల సేకరణ సాగింది. మనకు ముఖ్యమైన సంగతి డబ్బు పద్ధతి. పల్లెవాళ్లను ఒక సహకార సంఘంగా చేర్చేవారు. సర్కారు భూమిని సేకరించేది. దాని ఖరీదును సంఘం ద్వారా అప్పుగా పెట్టి వాయిదాల మీద వసూలు చేసేది. అంటే ఒక్కొక్క కూలీ వెళ్లి ఆసామిని బతిమాలే పని లేదు. పల్లె పల్లెంతా కలిసి తమ కింద నేలను కొనుక్కోవడం. వందేళ్లనాటి మాట ఇది. ఆ అప్పు తీర్చడానికి కూలివాళ్లు పడ్డ పాట్లు చిన్నవి కావు. ఉచితంగా ఇచ్చి ఉండాల్సిందని నేనంటాను. కానీ కలిసి కొనడమన్న ఆలోచన మన గడ్డమీద పుట్టిందని గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు దాన్ని ఇంకోచోట చూడబోతున్నాం.

అమెరికాలో దాదాపు 2 కోట్లమంది ఫ్యాక్టరీలో తయారైన ఇళ్లలో ఉంటున్నారు. మన పిల్లలు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పంపే ఫోటోల్లో ఇవి కనబడవు. అక్కడి పేదవాళ్లవీ, రిటైరైన ముసలివాళ్లవీ ఈ ఇళ్లు. పొడుగాటి పెట్టెలాంటి ఇంటిని ఇనుప చట్రం మీద కట్టి, చక్రాలు బిగించి, లారీ వెనక తగిలించి తెస్తారు. అందుకే మొబైల్ హోమ్ అన్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఇళ్ల కొరత వల్ల ట్రెయిలర్ పార్కులు వెలిశాయి. తరవాత ఇళ్లు పెద్దవయ్యాయి. 1976 జూన్ 15 నుంచి వీటి కట్టుబడికి దేశమంతటికీ ఒకే ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 40 వేలకు పైగా పార్కులున్నాయి.

ఈ ఇల్లు ఒకసారి దిగాక మళ్లీ కదలడం అరుదు. నీటిగొట్టం, మురుగుగొట్టం, కరెంటు కలిపేస్తారు. చుట్టూ చెక్క మెట్లు, వరండా కట్టుకుంటారు. కదపాలంటే వేల డాలర్లు కావాలి. పాత ఇల్లయితే దారిలోనే చట్రం వంగిపోతుంది. ఒకవేళ తీసుకెళ్లినా ఇంకో పార్కువాడు పాత ఇంటిని రానివ్వడు. ఇల్లు సొంతం, నేల పార్కు యజమానిది. నెలనెలా స్థలం అద్దె కట్టాలి. చాలా రాష్ట్రాల్లో చట్టం ఈ ఇంటిని కారులాగా చరాస్తి కింద లెక్కేసింది కాబట్టి బ్యాంకు కూడా ఇంటి అప్పు వడ్డీకి ఇవ్వదు, ఎక్కువ వడ్డీకిస్తుంది.

మన కాపలా పాకకీ దీనికీ తేడా ఏముంది? ఒకటుంది. ఇక్కడి ఆసామికి పాలేరు కావాలి. అక్కడి ఆసామికి అద్దె చాలు. అయితే అద్దె పెంచితే ఎక్కడికీ పోలేని మనిషి దొరకడం వ్యాపారికి పాలేరు దొరకడం కన్నా లాభం. గడచిన ఇరవయ్యేళ్లలో పెద్ద పెట్టుబడి సంస్థలు ఊళ్లవెంట తిరిగి పార్కులు కొన్నది ఈ లెక్క తెలిసే. భార్యాభర్తలు ఇద్దరూ చూసుకునే పాత పార్కు యజమానులు ముసలివాళ్లయ్యారు. వారసులకు ఆ పని మీద ఆసక్తి లేదు. అమ్మకానికి పెట్టారు. కొన్నవాళ్లు ఏటేటా అద్దె పెంచారు, లేదా పార్కు ఖాళీ చేయించి దుకాణ సముదాయాలు కట్టారు.

న్యూహాంప్‌షైర్ మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాకు రెండింతలుండే చిన్న రాష్ట్రం. చలి ఎక్కువ. అక్కడ మెరెడిత్ అనే ఊళ్లో 13 ఇళ్ల పార్కు ఒకటి ఉంది. 1980ల మొదట్లో అది అమ్మకానికి వచ్చింది. 13 కుటుంబాల్లో ఎవరి దగ్గరా డబ్బు లేదు, ఏ బ్యాంకూ వాళ్లకు అప్పివ్వదు. ఆ రాష్ట్రంలో 1983లో పేదలకోసం పెట్టిన ఒక సామాజిక రుణనిధి అప్పుడే కళ్లు తెరుస్తోంది. మఠాలు, చర్చిలు, మంచి మనుషులు తక్కువ వడ్డీకి పెట్టిన సొమ్ము దాని మూలధనం. ఆ నిధి నుంచి అప్పు తీసుకుని 1984లో ఆ కుటుంబాలు సహకార సంఘంగా ఏర్పడి తమ కింద నేలను కొనుక్కున్నాయి. ఆ రాష్ట్రంలో ఇదే మొదటిది. 13 ఇళ్లు. మన అగ్రహారంలో ఒక వీధి పాటి లేదు.

అది నడిచే తీరు కొంచెం నెమ్మదిగా చెబుతాను. మనకు పనికొచ్చేది అక్కడే ఉంది. నేల మొత్తం సంఘం పేరున ఒకే దస్తావేజు. ఇళ్లు మాత్రం ఎవరివి వాళ్లవి. ప్రతి ఇంటికీ ఒక వాటా, ఒక ఓటు. పెద్ద ఇంటికీ ఒకటే, చిన్న ఇంటికీ ఒకటే. వాటా ధర స్వల్పం, అందరికీ సమానం. వెళ్లిపోయేటప్పుడు అంతే తిరిగిస్తారు, లాభం చేర్చరు. ఇల్లు అమ్ముకోవచ్చు, మార్కెట్ ధరకే. నేలలో ముక్క మాత్రం అమ్మడానికి లేదు. నెలనెలా స్థలం అద్దె ఇంకా కడతారు. కానీ ఎంత కట్టాలో ఏడాదికోసారి సభ పెట్టి వాళ్లే తేలుస్తారు. అందులోంచి అప్పు వాయిదా, నీటి గొట్టాల మరమ్మతు, మంచు తీయించడం, కొంత నిలవ. పాలకవర్గాన్ని వాళ్లలోంచే ఎన్నుకుంటారు. వంటమనిషి, లారీ డ్రైవరు, రిటైరైన టీచరు ఖాతాపుస్తకం ముందు కూర్చుని సెప్టిక్ ట్యాంకు అంచనాలు చదువుతారు.

పూలదండలు వెయ్యడానికి నేను రాలేదు. అక్కడ కష్టాలూ ఉన్నాయి. పాత యజమాని పాతికేళ్లు మరమ్మతు చెయ్యని మురుగు గొట్టాలు నేలతోపాటు సంఘం నెత్తిన పడతాయి. మొదటి సంవత్సరాల్లో అద్దె తగ్గకపోగా పెరుగుతుంది కూడా. సభకు సగంమంది రారు. అన్నిటికన్నా కష్టం, అద్దె కట్టని పొరుగింటివాణ్ని ఖాళీ చేయించాలన్నప్పుడు ఓటు వెయ్యాల్సింది పొరుగింటివాళ్లే. పాతరోజుల్లో యజమానిని తిట్టుకుంటే సరిపోయేది. అయినా ఆ రాష్ట్రంలోనే ఇప్పుడు ఇలాంటివి 140కి పైగా ఉన్నాయి. అక్కడి పద్ధతిని దేశమంతా తీసుకెళ్లడానికి 2008లో ఆర్‌ఓసీ యూఎస్‌ఏ అనే సంస్థ వచ్చింది. దాని నీడన 300కు పైగా పార్కులు నివాసుల చేతికి వచ్చాయి. ఉన్న పార్కుల ముందు ఇది చాలా తక్కువే. కానీ ఇలా కొనుక్కున్న సంఘాలు మళ్లీ బయటివాడికి అమ్ముకోవడం చాలా అరుదు. నాకు అంకె కన్నా అదే ముఖ్యం.

దీనికి వెనక ఒక చట్టం కూడా ఉంది. న్యూహాంప్‌షైర్‌లో పార్కు అమ్మేముందు యజమాని అక్కడున్న వాళ్లకు 60 రోజుల ముందు నోటీసివ్వాలి. వాళ్లు ధర చెబితే మంచి మనసుతో వినాలి. కొనేటప్పుడు ముందు వాళ్ల హక్కు అని కూడా కాదు, ముందుగా తెలిసే హక్కు. అంతమాత్రానికే పరిస్థితి చాలా మారింది. మన తోట కాపలా మనిషికి తోట అమ్ముడైన సంగతి కొత్త ఆసామి కారు దిగాకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక దారి పక్కకు తిరుగుతుంది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో హరిజనవాడవాళ్లు వినోబా భావేను నేల అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. భూదానం అలా మొదలైంది. మరుసటి ఏడు ఉత్తరప్రదేశ్‌లోని మంగ్రోత్‌లో ఊరు ఊరంతా నేలను ఉమ్మడి చెయ్యడానికి ఒప్పుకుంది. దాన్ని గ్రామదానం అన్నారు. గ్రామదానంలో నేల గ్రామసభ పేరున ఉంటుంది, సాగు కుటుంబానిది. కుటుంబం దాన్ని బయటివాడికి అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. మన రాష్ట్రం 1965లో దీనికి చట్టం కూడా చేసింది. ఇది మన దగ్గర ఎంతవరకు నిలిచిందో మీకు తెలుసు. చాలా సంకల్పపత్రాలు సంకల్పపత్రాలుగానే మిగిలాయి.

కానీ ఇండియాలో తిరిగి ఇదంతా దగ్గరగా చూసిన రాల్ఫ్ బోర్సోడీ అనే ముసలాయన ఒకరున్నారు. ఆయనా, బాబ్ స్వాన్ అనే వడ్రంగీ కలిసి ఈ పద్ధతిని అమెరికాకు పట్టుకుపోవాలని 1967లో ఒక సంస్థ పెట్టారు. ఆ రోజుల్లో జార్జియా రాష్ట్రం దక్షిణాన నల్లవాళ్లు ఓటు నమోదు చేయించుకుంటే తెల్ల ఆసామి ఇంట్లోంచి, పొలంలోంచి వెళ్లగొట్టేవాడు. ట్రెమెన్‌హీర్ రాసిన కథే. పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన స్లేటర్ కింగ్, చార్లెస్ షెరోడ్, షిర్లీ షెరోడ్ లాంటివాళ్లు స్వాన్‌తో కలిశారు. 1969లో న్యూ కమ్యూనిటీస్ పేరుతో ఆల్బనీ దగ్గర 5,700 ఎకరాల చిల్లర కొన్నారు. నేల ట్రస్టుది, ఇల్లూ సాగూ కుటుంబాలవి. తరవాత కరువు వచ్చింది. ప్రభుత్వ వ్యవసాయ రుణసంస్థ పక్కనున్న తెల్లరైతులకు ఇచ్చిన అప్పు వీళ్లకు ఇవ్వలేదు. 1985లో భూమి పోయింది. వివక్ష జరిగిందని ఒప్పుకుని 2009లో నష్టపరిహారంగా 1 కోటి 20 లక్షల డాలర్లు ఇచ్చారు. దానితో వాళ్లు మళ్లీ నేల కొన్నారు. వాళ్లు వేసిన పద్ధతే ఇవాళ కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు పేరుతో అమెరికాలో వందల చోట్ల ఉంది. పోచంపల్లి మనకు పట్టుచీర అంచుగా గుర్తుంది, వాళ్లకు ఒక నేల పద్ధతిగా అందింది.

సరే, మన రాష్ట్రానికి వద్దాం. మద్రాసు లేబర్ కమిషనరు నాటి సంఘాల దారి మనం వదిలేశాం. స్వాతంత్ర్యం వచ్చాక రెండు దారులు పట్టాం. ఒకటి హక్కు చట్టం. కొబ్బరి పంటలో మనకు అన్నలాంటి కేరళలో తోటల్లో పాక వేసుకున్నవాళ్లను కుడికిడప్పుకారన్ అంటారు. 1970 జనవరి 1న అమలైన భూసంస్కరణతో వాళ్లకు పాక చుట్టూ పంచాయతీల్లో 10 సెంట్లు, మునిసిపాలిటీల్లో 5, నగరాల్లో 3 కొనుక్కునే హక్కు వచ్చింది. లక్షలమంది కొనుక్కున్నారు. 10 సెంట్లంటే నాలుగు కొబ్బరిచెట్లు, ఒక అరటిగెల, ఒక ఆవు. కూలి దొరకని వారం ఇల్లు గడుస్తుంది. కేరళ కూలివాడు గట్టిగా మాట్లాడతాడని మన ఆసాములు విసుక్కుంటారు కదా, ఆ గొంతు ఆ 10 సెంట్లలోంచి వచ్చింది.

మనకూ చట్టం లేకపోలేదు. అత్యవసర పరిస్థితి రోజుల్లో ఇరవై సూత్రాల కార్యక్రమం ఊపులో 1976లో ఇంటి నివేశన స్థలాల ఆక్రమణదారులకు యాజమాన్య హక్కు కల్పించే చట్టం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. పరుల నేలలో ఇల్లు వేసుకుని ఉన్న వ్యవసాయ కూలీకీ చేతివృత్తివాడికీ ఆ ఇంటి స్థలం సొంతమవుతుంది. దీని పేరు ఈ సభలో ఎంతమంది విన్నారు? చేతులెత్తమని అడగను, ఇబ్బంది పెట్టడమవుతుంది. కేరళలో చట్టం అమలు కావడానికి తోటతోటకీ జెండాలు పట్టుకుని కంచె వేసుకున్న మనుషులున్నారు. ఇక్కడ చట్టం గెజెట్‌లోకి వచ్చింది, తోటలోకి రాలేదు.

మనం నిజంగా నడిచిన దారి రెండోది, పట్టా. సర్కారు భూమి ఇచ్చి, లేదా కొని ఇచ్చి, ఒక్కొక్క కుటుంబానికీ ఒక్కొక్క కాగితం. 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చి, ఆ ఇచ్చినదాన్ని అమ్మకూడదంది. పేదవాడి నేల పెద్దవాడు కొనెయ్యకుండా కట్టిన గట్టు అది. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ గట్టు తాళం కలెక్టరు దగ్గర ఉంది. ఊళ్లోవాళ్లకు ఆ హద్దు మీద ఏ మాటా లేదు. అమ్మినవాడు దొంగచాటుగా అమ్మాడు, కొన్నవాడు దొంగచాటుగా కొన్నాడు, మన లేఖరి రాసిన ఆ రెండో కాగితం మళ్లీ పుట్టింది. మెరెడిత్‌లోనూ నేల అమ్మకూడదన్న నిషేధమే. అది వాళ్లు రాసుకున్న బైలాలో ఉంది, కాబట్టి కాపలా కూడా వాళ్లే ఉంటారు.

స్థలం సైజు కూడా చూడండి. 2020 డిసెంబరు 25న మన పక్కనే కొమరగిరిలో మొదలైన ఇళ్ల స్థలాల పథకంలో పల్లెల్లో ఇంటికి సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. సెంటున్నరంటే 72 గజాల చిల్లర. ఆడవాళ్ల పేరున ఇవ్వడం ఆ పథకంలో నాకు నచ్చిన సంగతి. కానీ కోనసీమలో మెరక నేల కొబ్బరితోట, దాని ధర సర్కారు కూడా భరించలేదు. దొరికేది వరిచేను. పల్లాన్ని మట్టితో పూడ్చి లేఅవుటు వేస్తారు. ఒక వానాకాలానికి మట్టి అణుగుతుంది, నీళ్లు నిలుస్తాయి. ప్రతి గృహిణి దగ్గరా తన 72 గజాలకు కాగితం ఉంటుంది. నీళ్లు నిలిచిన రోడ్డుకు, మురుగు బోదెకు, కుళాయి గొట్టానికి మాత్రం ఎవరి కాగితమూ లేదు. పంచాయతీ గృహనిర్మాణ శాఖ వైపు చూపిస్తుంది, ఆ శాఖ ఇంకొకరి వైపు.

సహకార గృహనిర్మాణ సంఘాలు మనకు లేవా అంటే, బోలెడు. హైదరాబాదు జూబిలీహిల్స్ అలాంటి సంఘమే. అవి నేలను కలిసి కొని ముక్కలుగా పంచేసుకునే సంఘాలు. చివరి ప్లాటు రిజిస్టరైన రోజున ఉమ్మడితనం అయిపోతుంది. ఆ తరవాత సంఘం ఎన్నికల తగాదాగా మిగులుతుంది. ఉమ్మడి నేలకు దగ్గరగా వచ్చిందేమిటంటే, మన గోదావరి లంకల్లోని వ్యవసాయ కూలీల సహకార సంఘాలు. మద్రాసు కాలం నుంచీ లంకభూమిని ఒక్కొక్కరికి కాక దళితుల సంఘానికి లీజుకిచ్చే పద్ధతి ఉంది. నేల సర్కారుది, లీజు సంఘానిది, సాగు సభ్యులది. ఏరు ఒకరి చెక్క కోసేస్తే మిగిలినదాంట్లో సర్దుకునే వీలు దాంట్లో ఉంది. వ్యక్తి పట్టాలో ఆ వీలుండదు. పోయినవాడిది పోయినట్టే. కొన్నిచోట్ల పేరు సంఘానిది, సాగు ఊరి పెద్దరైతుది అయిందన్న మాట నిజమే. పెట్టుబడి ఎవరిస్తే నేల వాళ్ల చేతికి పోతుంది. మెరెడిత్‌కు దొరికిన రుణనిధి మన లంకకు దొరకలేదు. తేడా అదే, మనుషుల్లో కాదు.

నా మాట ఇది. పట్టాలు రద్దు చేసి ఉమ్మడి చెయ్యమని నేననను. వందేళ్లు పోరాడి తెచ్చుకున్న కాగితం ఎవరు వదులుతారు, ఎందుకు వదలాలి? కాలనీలో ఎవరి కాగితంలోనూ లేని నేల ఉంది కదా, రోడ్డు, బోదె, ట్యాంకు, ఖాళీగా వదిలిన మూలస్థలం. దాన్ని కాలనీవాళ్ల సంఘం పేరున పెట్టండి. మెరక పొయ్యడం ఒక్క ఇంటితో అయ్యేది కాదు. ఒకడు పోస్తే నీళ్లు పక్కింట్లోకి పోతాయి. అది కలిసి చేస్తేనే పని. తోట అమ్మేటప్పుడు కాపలా కుటుంబానికి 60 రోజుల నోటీసు అన్న చిన్న నియమం మన చట్టంలో చేర్చడానికి ఎవరికీ పైసా ఖర్చు లేదు.

సహకారమంటే మన జిల్లాలో మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. ఎన్నికలు వాయిదా, పాలకవర్గం రద్దు, పర్సన్ ఇన్‌చార్జి, ప్రభుత్వం మారితే మనిషి మార్పు. 1964 చట్టం కింద నడిచే సంఘాలకు రిజిస్ట్రారు చెయ్యి పొడుగు. దాని బారి నుంచి తప్పించడానికే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. ఆ చట్టంలో సర్కారు వాటా లేదు, సర్కారు పెత్తనమూ తక్కువ. పొదుపు సంఘాల ఆడవాళ్లు దాన్ని బాగా వాడుకున్నారు. ఇళ్ల కాలనీలవాళ్లు వాడుకున్నది నేను పెద్దగా చూడలేదు. డ్వాక్రా పుస్తకాలు రాయగలిగిన ఇల్లాలు బోదె లెక్క రాయలేదా?

వేరువేరు కుటుంబాల నుంచి 10 మంది చేరితే ఆ చట్టం కింద సంఘం రిజిస్టరు చేయించుకోవచ్చు. బైలా ముసాయిదా తెలుగులోనే రాయొచ్చు. దాంట్లో మూడు నిబంధనలు మాత్రం మొదటే పెట్టుకోండి: ఇంటికి ఒక ఓటు, వాటామీద లాభం లేదు, ఉమ్మడి నేల అమ్మడానికి లేదు. హద్దులు రాయడానికి మంచి లేఖరి కావాలి. మనం తలుచుకుంటున్న పెద్దాయన శిష్యులు ఇద్దరు ఈ సభలోనే వెనక వరసలో ఉన్నారు, సభ అయ్యాక అడగండి.